ఆంబర్‌లోని పెంకుపురుగుకు మైక్రో సీటీ స్కాన్: ఒక సేవపై సమీక్ష

శిలాజ కీటకాలకు రుసుము తీసుకుని మైక్రో సీటీ స్కాన్ (ఎక్స్ కిరణాలతో లోపలి భాగాలను త్రిమితీయంగా చూపే పద్ధతి) చేసిపెట్టే ఒక ప్రయోగశాలకు, బాల్టిక్ ఆంబర్‌లో (శిలాజంగా మారిన చెట్టు జిగురులో) ఇరుక్కున్న చిన్న పెంకుపురుగు నమూనాను పంపించి, ఫలితాలు చేతికి వచ్చి వాటితో కొంతకాలం పనిచేశాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ పురుగు ఇప్పటిదాకా ఎవరూ వర్ణించని జాతికి చెందినదేమోనని నాకు మొదటి నుంచీ అనిపిస్తూ ఉండేది. అయితే దాదాపు నాలుగు లక్షల పెంకుపురుగు జాతులకు ఇప్పటికే పేర్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఏ చిన్న అవయవాన్నీ చూడకుండా వదిలేసి కొత్త జాతి అని ప్రకటించడం తగదు. నా నమూనాలో అసలు ఇబ్బంది పొట్టవైపు ఉంది. పురుగు కుళ్లే సమయంలో వెలువడిన వాయువుల వల్ల ఏర్పడిన సూక్ష్మ బుడగలు పాలమీగడలాంటి పొరగా కమ్మేయడంతో, కాళ్ల మొదళ్లు, ఉదర ఫలకాలు మైక్రోస్కోపు కింద ఏమాత్రం కనిపించేవి కావు.

ఆ పొర వెనక ఉన్నదాన్ని చూపించడంలో ఈ సేవ నా అంచనాను మించింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. మైక్రోస్కోపులో చూస్తే ప్రతి పాదానికీ నాలుగు ఖండాలే ఉన్నట్లు తోచేది. ప్రయోగశాలవారు మొదట ఆంబర్ ముక్క మొత్తాన్నీ ముతక స్థాయిలో స్కాన్ చేసినప్పుడు కూడా నాలుగే కనిపించాయి. ఆ తర్వాత ఒక్క వెనక కాలి మీదే దృష్టి పెట్టి, రెండు మైక్రాన్లకు దగ్గరగా ఉన్న వోక్సెల్ (త్రిమితీయ చిత్రంలోని అతి చిన్న ఘనం) పరిమాణంతో మళ్లీ స్కాన్ చేసినప్పుడు, రెండు తమ్మెలుగా చీలిన మూడో ఖండం మధ్యలో, చివరి ఖండం మొదలుకు అంటుకుని ఉన్న అతి చిన్న నాలుగో ఖండం విడిగా బయటపడింది. అంటే పాదంలో ఉన్నవి నిజానికి ఐదు ఖండాలు. ఆకు పెంకుపురుగులు, పొడవు మీసాల పురుగులు, ముక్కు పురుగుల పెద్ద సమూహాల్లో కనిపించే అమరిక ఇదే. కుటుంబం విషయంలో నేను వెతకవలసిన పరిధి ఈ ఒక్క ఆధారంతో ఎంతో తగ్గిపోయింది. ఏ భాగాలు ముఖ్యమో స్కాన్‌కు ముందే అడిగి తెలుసుకోవడం వల్లే ఇది సాధ్యమైంది కనుక, ఆ శ్రద్ధకు వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

నమూనా పట్ల వారు చూపిన జాగ్రత్త కూడా చెప్పుకోదగినదే. ఆంబర్‌ను జిగురుతో అతికించకుండా మెత్తని ఫోమ్‌లో నిలబెట్టారు. వోల్టేజి, ఎక్స్‌పోజర్, వోక్సెల్ పరిమాణం వంటి వివరాలన్నీ నివేదికలో రాసిచ్చారు. తిరిగి వచ్చిన ముక్క రంగులో నాకు మార్పేమీ కనిపించలేదు. సింక్రోట్రాన్ (అతి తీవ్రమైన ఎక్స్ కిరణాలను పుట్టించే భారీ యంత్రం) కిరణాల తీవ్రతకు ఆంబర్ రంగు ముదిరే ప్రమాదం ఉంది కాబట్టి, మామూలు మైక్రో సీటీతో పని జరిగేటప్పుడు ముందు దాన్నే ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. సింక్రోట్రాన్ లేనిదే సాగని పనులూ లేకపోలేదు. 2021లో వర్ణించిన ట్రయామిక్సా కోప్రోలిథికా అనే పెంకుపురుగు పోలండ్‌లో దొరికిన, సుమారు 23 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మలంలో ఉండిపోయింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఆ జీవి శరీర నిర్మాణం ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో స్కాన్ చేశాకే వివరంగా తెలిసింది.

నాకు అసంతృప్తి కలిగించిన విషయం దత్తాంశానికి సంబంధించినది. మొదట అందించిన ఫైళ్లు బూడిదరంగు ఛాయలను మరింత సూక్ష్మంగా చూపే 16 బిట్ల మూల చిత్రాలు కావు, పరిమాణం తగ్గించడానికి 8 బిట్లకు కుదించినవి. ఆంబర్‌కూ, అందులోని పలుచని పురుగు పెంకుకూ సాంద్రతలో తేడా అసలే తక్కువ. ఆ కొద్దిపాటి తేడా కూడా కుదింపులో చెరిగిపోతే స్పర్శశృంగాల (మీసాల) ఖండాల మధ్య హద్దులు కలిసిపోతాయి. పదేపదే అడిగాక మూల ఫైళ్లు పంపారు గానీ, కొత్త జాతి వర్ణనకు ఆధారంగా నిలిచే దత్తాంశాన్ని అడగకుండానే ఇవ్వవలసింది. నా వర్ణనను రేపు మరొకరు పరీక్షించాలనుకుంటే వారికి కావలసినవి ఆ మూల చిత్రాలే. రంగులద్దిన త్రిమితీయ వీడియో ఎంత అందంగా ఉన్నా ఆ అవసరం తీర్చలేదు.

అదనపు రుసుముతో ఇచ్చే 'ప్రాథమిక గుర్తింపు' నివేదికను మాత్రం ఎవరికీ సిఫారసు చేయలేను. అందులో ఒక కుటుంబం పేరు ఉంది, దానికి కారణంగా చూపింది శరీరపు ఆకారం ఒక్కటే. ఆకారాన్ని నమ్మితే ఏమవుతుందో తెలియడానికి అమెరికాలోని డెన్వర్ మ్యూజియం నమూనా చాలు. పొడవు మీసాల పురుగుగా ఏళ్ల తరబడి ప్రదర్శనలో ఉన్న ఆ ఇయోసీన్ (కోట్ల ఏళ్ల నాటి ఒక భూగర్భ యుగం) శిలాజాన్ని వంకర తిరిగిన బలమైన వెనక తొడల ఆధారంగా కప్పకాళ్ల ఆకు పెంకుపురుగుగా గుర్తించి, 2021లో పల్క్రిట్యూడో అటెన్‌బరోయి అని పేరు పెట్టారు. స్కాన్ రంగును చూపించదు, సన్నని రోమాలను చాలావరకు వదిలేస్తుంది. అందువల్ల పక్కన మైక్రోస్కోపు, సరిపోల్చడానికి ఇతర నమూనాలు, ఆ సమూహాన్ని ఏళ్లుగా చదివిన నిపుణుల సాయం ఉండి తీరాలి.

ఈ సేవను వాడుకోదలచినవారు 16 బిట్ల మూల ఫైళ్లు ఇస్తామన్న హామీని, ప్రచురణకు ముందు చిత్రాలను ఎవరికీ చూపబోమన్న హామీని ఒప్పందంలోనే రాయించుకోవాలి. స్కాన్ అయిపోయిన నమూనాను వెంటనే వెనక్కి తెప్పించుకోవాలి. జంతు నామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాత ప్రచురించే కొత్త జాతికి హోలోటైప్‌ను (ఆ జాతి పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనాను) స్పష్టంగా పేర్కొని, అది ఏ సంగ్రహాలయంలో ఉందో లేదా ఉంచబోతున్నారో తెలపాలి. ఆ హోలోటైప్ ఆంబర్‌లోని పురుగే అవుతుంది గానీ, కంప్యూటర్‌లోని దాని ప్రతిరూపం కాదు. ఈ షరతులకు వారు ఒప్పుకుంటే, పొట్టవైపు కనిపించని ఆంబర్ నమూనాలు ఉన్నవారు నిస్సంకోచంగా పంపవచ్చు. నా దగ్గరున్న మరో నమూనాను కూడా వారికే పంపబోతున్నాను.