స్కూల్లో ఉండగానే సినిమా: సొంతంగా తీయడమా, పెద్దవాళ్ల టీమ్‌లో చేరడమా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "అన్నా, నైన్త్ చదువుతున్నాను. డైరెక్టర్ అవ్వాలని ఉంది. మా వీధిలో అన్నవాళ్లు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు, అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. వెళ్లనా, లేకపోతే నేనే ఫోన్‌తో ఏదో ఒకటి తీయనా?" పిల్లలైతే ఇలా అడుగుతారు. అమ్మానాన్నలైతే, "వాడి చదువు పాడవకుండా ఏది చేయిస్తే మంచిదండీ?" అంటారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఎడిటింగ్ రూమ్ నడుపుతున్నాను కాబట్టి పెళ్లి వీడియోలతో పాటు ఇక్కడి కుర్రాళ్ల షార్ట్ ఫిల్ములు కూడా నా సిస్టమ్ మీదకి వస్తాయి. ఈ ఏడాది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కూతురు కూడా ఇదే అడిగింది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు టైమ్ సంగతి. మన దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్నంత తీరిక ఆ తర్వాత చాలా ఏళ్లు ఉండదు. పదో తరగతి పరీక్షలు మార్చిలో అవుతాయి. అయ్యీ అవ్వగానే బ్రిడ్జ్ కోర్సు అంటూ కార్పొరేట్ కాలేజీల వాళ్లు ఇంటికే వస్తారు. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పుస్తకాలే, ఫోన్ దగ్గర పెట్టుకోనివ్వరు. అంటే సినిమా మీద ఆశ ఉన్న పిల్లలకి నిజంగా చేతిలో ఉన్నవి దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి. ఏ దారి ఎంచుకున్నా వీటిలోనే సరిపెట్టుకోవాలి.

టీమ్‌లో చేరితే లాభం లేదని నేను అనను. మనుషులతో కలిసి పని చేయడం అలవాటవుతుంది. పొద్దున ఆరింటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర షూటింగ్ అంటే ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఎండ ఎక్కాక కృష్ణ మీద ఆ వెలుతురు ఉండదు. హీరో వేషం వేసే అబ్బాయి ట్యూషన్ ఉందని ఎగ్గొడితే ఆ పూట ఏం తీయాలో డైరెక్టర్ అక్కడికక్కడే తేల్చుకోవాలి. అవన్నీ దగ్గరుండి చూడొచ్చు. మంచి కెమెరా దగ్గర నిలబడొచ్చు, లెన్స్ మార్చినప్పుడు వెనకాల ఉన్న కొండ మొహం దగ్గరికి జరిగినట్టు ఎలా కనిపిస్తుందో చూడొచ్చు. తన ఈడు పిల్లల్లో సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ లేక ఒంటరిగా ఉన్న పిల్లాడికి ఆ నాలుగు రోజులు పండగలాగే ఉంటాయి.

కానీ పద్నాలుగేళ్ల పిల్లాడికి అక్కడ ఏ పని ఇస్తారో చూడండి. నటుల మొహం మీదకి వెలుతురు మళ్లించే థర్మాకోల్ షీటు పట్టుకోవడం, క్లాప్ కొట్టడం, దారిన పోయేవాళ్లు ఫ్రేములోకి రాకుండా ఆపడం, టీలు తేవడం. ఆ టీమ్ వాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి ఆ రోజు సీన్ ఆ రోజే అవ్వాలన్న టెన్షన్ ఉంటుంది, కూర్చోబెట్టి నేర్పే వీలుండదు. ఎడిటింగ్ మొదలయ్యేసరికి స్కూళ్లు తెరుస్తారు. అది కూడా ఎక్కువగా రాత్రిళ్లు జరుగుతుంది, అందరి ఉద్యోగాలూ కాలేజీలూ అయ్యాక. వేసవంతా ఎండలో నిలబడ్డ పిల్లలు ఎడిటింగ్ రూమ్ దాకా రావడం నేను చూడలేదు. యూట్యూబ్‌లో పెట్టాక వాళ్లకి లింక్ వెళ్తుంది, చివర్లో పేరు చూసుకుంటారు. అంత కష్టపడి తీసిన బ్యారేజీ షాట్ సినిమాలో ఎందుకు లేదో వాళ్లకి ఎవరూ చెప్పరు.

నేను సొంతంగా తీయడం వైపు మొగ్గేది దీనివల్లే. కెమెరా ఎవరిది, కథ ఎవరిది, నటులు ఎవరు అన్నవాటి కంటే, తీసిన దాన్ని కోసి అతికించేది ఎవరు అన్నదే ఈ వయసులో ముఖ్యం. షూటింగ్‌లో చేసిన పొరపాటు షూటింగ్‌లో కనపడదు. ఎడిటింగ్ యాప్‌లో షాట్లని వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద పెట్టినప్పుడే కనపడుతుంది. దాన్ని తీసినవాళ్లే చూసుకుంటే తర్వాతిసారి చెయ్యరు.

ఒక సీన్ అనుకోండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కోసం కొడుకు నాన్న దగ్గరికి వస్తాడు. పిల్లలు ముందు కొడుకుని తీస్తారు, తర్వాత గదికి అటు పక్కకి వెళ్లి నాన్నని తీస్తారు, ఎందుకంటే అటు గోడ బాగుంది. ఫోన్‌లో విడివిడిగా రెండూ బాగానే ఉంటాయి. పక్కపక్కన పెడితే ఇద్దరూ కుడివైపే చూస్తుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుతున్నట్టు ఉండదు, ఇద్దరూ గుమ్మంలో ఎవరో ఉన్నట్టు అటే చూస్తున్నట్టు ఉంటుంది. ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరాని దానికి ఒకే పక్కన ఉంచాలన్న సూత్రం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ తను తీసిన రెండు షాట్లు కలవక, మళ్లీ నాన్నని బతిమాలి అదే చొక్కా వేయించి తీసుకొచ్చిన పిల్లకి ఆ సూత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, పిల్లలు డైలాగ్ అయిపోగానే రికార్డింగ్ ఆపేస్తారు. నాన్న "సరే" అన్నాక కొడుకు మొహంలో ఏం జరిగిందో దొరకదు. నిజానికి ఆ సీన్ అంతా ఆ మొహంలోనే ఉంది. ఎడిటింగ్‌లో ఆ రెండు సెకన్ల కోసం వెతుక్కున్నవాళ్లు తర్వాతిసారి కట్ చెప్పే ముందు కాసేపు ఆగుతారు. రాజమౌళి దర్శకుడు కాకముందు ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర పని చేశారు. దర్శకత్వానికి ఎడిటింగ్ ఎంత మంచి బడి అనడానికి మన కళ్లముందున్న ఉదాహరణ అది.

శబ్దం సంగతి కూడా అంతే. ఒక షాట్‌లో ఫ్యాన్ తిరుగుతుంటుంది, ఇంకో షాట్‌కి ఆపేస్తారు. రెండూ అతికిస్తే కట్ దగ్గర హోరు ఒక్కసారిగా తెగిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, విజయవాడ ఇళ్లలో ఫ్యాన్ ఆపి డైలాగులు చెప్పించడం మాటలు కాదు. అయినా ఆపాల్సిందే, టేకు టేకుకీ మధ్య వేసుకోవాలి. ఫోన్ ఆరడుగుల దూరంలో పెట్టి మాటలు రికార్డు చేస్తే గది మోతే వినపడుతుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైకు చాలు. అదీ లేకపోతే రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నటుడి జేబులో పెట్టండి. షాట్ మొదట్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడు దగ్గర బొమ్మనీ శబ్దాన్నీ కలుపుకోవచ్చు. గుంటూరు హిందూ కాలేజీలో, ఏసీ కాలేజీలో చదివిన కె. విశ్వనాథ్ గారు సినిమా జీవితం మొదలుపెట్టింది మద్రాసు వాహినీ స్టూడియో సౌండ్ విభాగంలోనే. మన పిల్లలు అన్నిటికంటే చివర్న పట్టించుకునేది మాత్రం శబ్దాన్నే, అది నాకు బాధగా ఉంటుంది.

రాత్రిపూట ఇంట్లో తీసిన వీడియోల్లో చారలు పాకుతుంటాయి. దానికి కారణం ఫోన్ పాడవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాతరకం ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఫోన్ సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తూ షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/60 వంతు దగ్గర పెట్టుకుంటే ఆ మిణుకుతో పొత్తు కుదరదు. కెమెరాలో ఇవి మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకోండి.

ఖర్చు చూస్తే ఫోన్ ఇంట్లో ఉన్నదే సరిపోతుంది. కాలర్ మైకు, చిన్న స్టాండు కొంటే చాలు. దయచేసి తొమ్మిదో తరగతిలో కెమెరా కొనివ్వకండి, అద్దెకి కూడా వద్దు. ఎడిటింగ్‌కి ఫోన్‌లో వీఎన్ లాంటి ఉచిత యాప్ చాలు. ఇంట్లో 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఉంటే డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వేసుకోవచ్చు, రేపు పెద్ద పనికి కూడా అదే పనికొస్తుంది. టీమ్‌లో చేరడం ఉచితమే అనుకుంటారు గానీ రానుపోను ఛార్జీలు, బయటి తిండి, ఆ తర్వాత "తలా కొంత షేర్ వేద్దాం" అన్న మాట ఉంటాయి. పిల్లల దగ్గర డబ్బు అడిగే టీమ్ ఏదైనా సరే, పంపొద్దు.

సొంతంగా తీయడంలో ఉన్న పెద్ద ఇబ్బంది దాచను. మొదలుపెట్టినవి చాలావరకు పూర్తికావు. అడిగేవాళ్లు ఉండరు, గడువు ఉండదు, రెండో ఆదివారానికి స్నేహితుడు రాడు, అక్కడితో ఆగిపోతుంది. టీమ్‌లో ఉంటే ఎవరో ఒకరు తోస్తుంటారు. కాబట్టి సొంత సినిమా అంటే సెలవుల్లో పూర్తయ్యేంత చిన్నదే పెట్టుకోవాలి: మూడు నిమిషాలు, ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు. మొదటిదాంట్లో మాటలే లేకపోతే ఇంకా మేలు. ఫలానా తేదీకి బంధువులందరికీ చూపిస్తానని ముందే చెప్పేస్తే గడువు దానంతటదే వస్తుంది.

బయట తీయాలనుకునేవాళ్లకి ఒక మాట. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, స్టాండ్ పెట్టి తీయాలంటే అనుమతి కావాలి. రైల్వే స్టేషన్‌లో కూడా అంతే. డ్రోన్ ఆలోచన మానుకోండి. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కి 18 ఏళ్లు నిండాలి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల జనం మధ్య ప్లాన్ చేసుకున్నవి జరగవు. కాలవ గట్లు, మేడ మీద డాబా, మీ వీధి చివరి కిరాణా కొట్టు చాలు. కొట్టాయనకి ముందుగా చెప్పి, బేరం లేని మధ్యాహ్నం వేళ తీయండి.

మా మేనకోడలికి కూడా ఇదే చెప్పాను. తన ఫ్రెండ్ వాళ్ల తాతయ్య మంగళగిరిలో మగ్గం నేస్తారు. ఆయన పొద్దున పని మొదలుపెట్టడం నుంచి టీకి లేచేదాకా తీస్తానంది. మగ్గం చప్పుడు ఒక లయలో వస్తుంది కాబట్టి కట్ ఎక్కడ చేయాలో తనకే వినపడుతుందని ఒప్పుకున్నాను. ఎడిటింగ్‌లో చెయ్యి పెట్టనని మాటిచ్చాను, చూసి అభిప్రాయం చెప్పడం వరకే.

టీమ్‌కి వద్దే వద్దని కాదు, రెండో మెట్టుగా పెట్టుకోమంటాను. సొంతంగా ఒకటో రెండో పూర్తి చేసిన పిల్లవాడు అదే టీమ్‌లో థర్మాకోల్ పట్టుకున్నా, కెమెరా అటువైపు ఎందుకు పెట్టారో అర్థం చేసుకుంటాడు. ఏమీ తీయకుండా వెళ్లినవాడికి అది కనపడదు. వెళ్లేటప్పుడు అమ్మానాన్నలు మూడు సంగతులు కనుక్కోండి: షూటింగ్ ఏయే రోజులు, చీకటి పడ్డాక ఇంటికి ఎవరు దింపుతారు, ఎడిటింగ్‌లో ఒకటి రెండు పూటలు కూర్చోనిస్తారా. మూడోదానికి ఒప్పుకున్న టీమ్ దొరికితే వదులుకోవద్దు. నలుగురిని పోగేయడం చేతకాని, బిడియస్తులైన పిల్లలు ముందు టీమ్‌కి వెళ్లి తర్వాత సొంతంగా తీసినా తప్పు లేదు.

రీల్స్ గురించి అడుగుతారు. తీయడంలో చెయ్యి తిరుగుతుంది, కథ చెప్పడం రాదు. సినిమా పాట తగిలించిన వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది కూడా. వేసవి వర్క్‌షాపుల విషయానికొస్తే, ఫీజు కట్టే ముందు కోర్సు అయ్యేసరికి పిల్లవాడి చేత ఒక సినిమా పూర్తి చేయిస్తారా అని అడగండి. సర్టిఫికెట్ ఇస్తాం అని మాత్రమే చెబితే ఆ డబ్బుతో మైకు కొనండి.

ఇక చదువు మానేసి హైదరాబాద్ వెళ్లిపోతానని కొందరు పిల్లలు పట్టుబడుతున్నారు, వాళ్ల అమ్మల గొంతులో భయం వినపడుతుంది. ఆ పిల్లలకి చూపించాల్సింది ఇది: 1960లో పెట్టిన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా, 1995లో వచ్చిన కలకత్తా సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా దర్శకత్వం, ఎడిటింగ్, కెమెరా, సౌండ్ లాంటి పెద్ద కోర్సులకి డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏ)లో ఫోటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ (బీఎఫ్‌ఏ)లో ఇంటర్ అయ్యాక ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా, సీఈసీ చదివినా ఈ దారులు తెరిచే ఉంటాయి.