నారాయణగూడ సందులోని డీటీపీ, ప్రింటింగ్ షాపు: 4 స్టార్లు

మార్చి 8కి మహిళా దినోత్సవానికి మా జూనియర్ కాలేజీలో స్వాతంత్ర్య సమరయోధురాలు హంసా మెహతా మీద సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) ప్యానెళ్లు పెట్టాలనుకుని ఇక్కడ ప్రింట్ చేయించాను. హిస్టరీ చెబుతాను కాబట్టి మ్యాటర్ నేనే రాసుకున్నాను. కోఠిలో అడిగినదాని కంటే రేటు కాస్త ఎక్కువే. అయినా మళ్లీ ఇక్కడికే వెళ్తాను. డీటీపీ చేసే అబ్బాయి తన ముందున్న మ్యాటర్ చదువుతాడు, అదీ కారణం. మిగతా చోట్ల ఏం పంపితే అది అచ్చేసి ఇస్తారు.

1949లో బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు హంసా మెహతా. ఆడా మగా కలిసి చదివే యూనివర్సిటీకి మన దేశంలో తొలి మహిళా వీసీ. పెద్ద అక్షరాలన్నీ నేను దానికే పెట్టమన్నాను. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభలో దేశ మహిళల తరఫున జాతీయ జెండా అందించింది కూడా ఆవిడే. సరోజినీ నాయుడు లేనందువల్ల ఆ గౌరవం తనకు దక్కిందని చెప్పి మరీ అందించారు. ఈ సంగతి నేను ఎక్కడో కింద ఒక్క వరసలో ఇరికించాను. ఆ అబ్బాయి టైప్ ఆపి, "మేడమ్, సరోజినీ నాయుడంటే మన నాంపల్లిలో గోల్డెన్ థ్రెషోల్డ్ ఇల్లు ఉన్న ఆవిడే కదా? ఇంత పెద్ద విషయం ఎవరికీ కనపడదు ఇక్కడ" అన్నాడు. దానికి విడిగా ప్యానెల్ చేయించాను. మా పిల్లలు ఎక్కువసేపు నిలబడింది దాని ముందే.

పెళ్లి పేరా తీసేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. నాగర బ్రాహ్మణుల అమ్మాయి, అందులోనూ దివాన్ కూతురు, వైశ్యుడైన డాక్టర్ జీవరాజ్ మెహతాను చేసుకుంటే కులపెద్దలు ఊరుకుంటారా! అంత ఇంట్లో పుట్టిన మనిషి విదేశీ బట్టల షాపుల ముందు పికెటింగ్ చేసి జైలుకెళ్లిందని మా పిల్లలకు తెలియాలి. చివరికి ఫాంట్ తగ్గించి పట్టించాడు. బరోడా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ ఆవిడ హయాంలోనే, 1950లో మొదలైంది. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ తర్వాత చదువుకున్నది అక్కడే. ఆ మాట చేర్చింది కూడా ఈ అబ్బాయితో కబుర్లలోనే.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఫొటోలు. నేనిచ్చిన ఫొటో చిన్నది, నిజమే. అది సాగదీస్తే మొహం గళ్లు గళ్లుగా వస్తుందని ప్రింట్ కొట్టకముందే చెప్పాలి కదా? ఓనర్‌ని అడిగితే "దూరం నుంచి చూస్తే తెలీదు మేడమ్" అన్నారు. దూరం నుంచి చూడ్డానికి అది ఎన్నికల ఫ్లెక్సీ కాదు. సగం రేటుకి మళ్లీ వేసిచ్చారు.

యూనికోడ్‌లో టైప్ చేసిన మ్యాటర్‌ని డీటీపీ వాళ్లు వాడే అనూ ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతున్నాయి. ప్రూఫ్ ఫోన్లో చూసి ఓకే అనకండి, కాగితం మీద తీయించుకుని చదవండి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్రోలో వెళ్లడమే నయం. కాలేజీ పేరుతో బిల్లు కావాలంటే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి, తర్వాత అడిగితే విసుక్కుంటారు.