సన్‌రూఫ్ కారుతోందా? సిలికాన్ పూస్తామనే షెడ్డుకు కారు ఇవ్వకండి

మీ కారు సన్‌రూఫ్, అంటే పైకప్పులో తెరుచుకునే అద్దం దగ్గర నీళ్ళు కారుతుంటే, దాని చుట్టూ ఉండే రబ్బరు అంచుని (బీడింగ్) చూపించి, షెడ్డువాళ్ళు అర నిమిషం పైకి చూసి "బీడింగ్ పోయిందండీ, సిలికాన్ కొట్టేస్తే సరిపోద్ది" అన్నారనుకోండి, దయచేసి కారు అక్కడ వదలకండి. నేను వదిలాను. 9,500 కట్టాను. ఆ పనితో ఉన్న చిన్న లోపం పెద్దదై, చివరికి దాదాపు 36 వేలు వదిలాయి. డబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది విజయవాడ. పోయిన మే నెలలో నాలుగేళ్ళ పాత కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. సన్‌రూఫ్ ఉండాలని మా అమ్మాయి పట్టు. ఎండాకాలం కదా, వాన మాటే మాకు తోచలేదు. ఇంటి ముందు కానుగ చెట్టు నీడ ఉంటే అక్కడే పెట్టేవాళ్ళం. పొద్దున్నే చూస్తే కారు మీద కానుగ పూలు పేలాలు చల్లినట్టు ఉండేవి. గుడ్డతో దులిపేసి వెళ్ళిపోయేవాడిని. అసలు కథ ఆ పూలతోనే మొదలైందని నాకు ఆగస్టు దాకా తెలియలేదు.

జులైలో గుంటూరు నుంచి వస్తున్నాం. మంగళగిరికి ముందు పెద్ద వాన. కాజ టోల్‌గేట్ దగ్గర బ్రేకు వేశానో లేదో, ముందు సీట్లో ఉన్న అమ్మ భుజం మీద పైనుంచి చెంబుడు నీళ్ళు పడ్డాయి. సన్‌రూఫ్ అద్దం మూసే ఉంది. నీళ్ళు ఆ అద్దం దగ్గరనుంచి కూడా కాదు, ముందు అద్దం పక్కన పైకప్పును మోసే పిల్లర్ మొదలయ్యే మూల నుంచి వచ్చాయి. ఈ తేడా మనసులో పెట్టుకోండి. గాజు అంచు నుంచి పడలేదు, మూల నుంచి పడ్డాయి. బ్రేకు వేసినప్పుడే పడ్డాయి. అంటే పైన ఎక్కడో నీళ్ళు నిలిచి ఉండి, కారు ఆగగానే ముందుకు పొర్లాయన్నమాట. ఆ ఒక్క గుర్తు చాలు, తెలిసినవాడు జబ్బు పట్టేస్తాడు.

నేను వెళ్ళిన చోట ఆ మాట చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. వాళ్ళ పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. సన్‌రూఫ్ పనుల్లో స్పెషలిస్టులమని బోర్డు ఉంది. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేశారు. "ఏడాది గ్యారంటీ, సముద్రంలో ముంచినా చుక్క రాదు" అన్నారు. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చారు. అక్కడే నేను ఆగాల్సింది. కారెక్కగానే లోపల పుల్లటి వెనిగర్ వాసన. కొత్త సిలికాన్‌కి అలాగే ఉంటుందన్నారు. కొన్ని రకాల సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుందనీ, అది రాగినీ ఇనుప రేకునీ తినేస్తుందనీ తర్వాత తెలిసింది. ఇంకో మార్పు కూడా గమనించాను. సన్‌రూఫ్ తెరిస్తే ఇదివరకటిలా జారకుండా, అంటుకున్నది ఊడుతున్నట్టు చప్పుడు చేస్తూ మోటారు మూలిగేది.

రెండు మూడు చిన్న వానలు ఏమీ కాలేదు. పైన చుక్క పడకపోయేసరికి బాగైపోయిందనే అనుకున్నాం. నిజానికి నీళ్ళు దారి మార్చుకున్నాయి. పిల్లర్ లోపలగా దిగి కార్పెట్ కిందకు చేరుతున్నాయి. పైన రబ్బరు మ్యాట్ ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. నాలుగో వారానికి ఏసీ వేస్తే ముక్కిపోయిన గోనెసంచి వాసన. పొద్దున్నే అద్దాల లోపలి వైపు ఆవిరి. ఒకరోజు మా అమ్మాయి చెప్పులు విప్పి కూర్చుని "నాన్నా, కింద తడిగా ఉంది" అంటే అప్పుడు మ్యాట్ ఎత్తి చూశాను. కార్పెట్‌ని బొటనవేలితో నొక్కితే నీళ్ళు ఊరుతున్నాయి. దాని కింద రెండు వేళ్ళ మందాన స్పాంజ్ ఉంటుంది, ఒకసారి నానిందంటే ఎండలో పెట్టినా వారాల తరబడి ఆరదు.

నేను భయపడ్డ సంగతి ఇదీ. అప్పటికి ఇరవై రోజులుగా డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూనే ఉంది. సెన్సార్ ఏదో పిచ్చిపట్టింది, సర్వీసుకి ఇచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ముందు సీటు కింద పసుపు రంగు ప్లగ్గులు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వ్యవస్థ వైర్లవి. ఆ తడిలో అవి పచ్చగా చిలుము పట్టిపోయాయి. ఆ లైటు వెలుగుతోందంటే ప్రమాదంలో బ్యాగులు తెరుచుకుంటాయన్న నమ్మకం లేదని అర్థం. ఆ ఇరవై రోజులూ అమ్మ ఆ ముందు సీట్లోనే కూర్చుంది. రెండుసార్లు హైవే ఎక్కాం. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

షెడ్డుకు తీసుకెళ్తే "ఇది మా పని కాదండీ, విండ్‌షీల్డ్ లీకు, ఇంకో ఆరు వేలవుద్ది" అన్నారు. గ్యారంటీ మాటెత్తితే సన్‌రూఫ్ దగ్గర చుక్క పడట్లేదుగా అని ఎదురు ప్రశ్న.

అక్కడినుంచి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ చేసిన మొదటి పని సన్‌రూఫ్ పూర్తిగా తెరిచి, లోపలి గాడి మూలలో చిన్న సీసాతో కాసిని నీళ్ళు పోయడం. నీళ్ళు అక్కడే నిలబడిపోయాయి. "చూశారా సార్, పోవట్లేదు" అన్నాడు. ఈ ఒక్క నిమిషం పని ముందే ఎవరైనా చేసి ఉంటే నా కారుకు ఈ గతి పట్టేది కాదు.

సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. ఆపాలని తయారు చేసిందీ కాదు. పెద్ద వానలో కొంత నీరు అంచుల నుంచి లోపలికి దిగుతుంది, దిగాలి కూడా. అందుకే అద్దం కింద చుట్టూ కాలువలాంటి తొట్టి, దాని మూలల్లో రంధ్రాలు, వాటికి చిటికెన వేలి కంటే సన్నటి పైపులు ఉంటాయి. ముందు పైపులు రెండూ విండ్‌షీల్డ్ పక్క పిల్లర్లలోంచి దిగి, మోడల్‌ని బట్టి తలుపు కీళ్ళ దగ్గరో ముందు చక్రం వైపో బయటపడతాయి. వెనకవి వెనక పిల్లర్లలోంచి బంపర్ వైపు పోతాయి. మన పెంకుటిళ్ళకి దోనె ఉన్నట్టే. దోనెలో ఆకులు పేరుకుంటే నీళ్ళు ఇంట్లోకి మళ్ళుతాయి. అప్పుడు ఆకులు తీస్తాం గానీ పెంకుల మధ్య సిమెంటు పూయం కదా.

నా కారులో ముందు రంధ్రాలు రెండూ కానుగ పూలూ దుమ్మూ కలిసిన బురదతో సగం మూసుకుపోయి ఉన్నాయి. ఆ మిగిలిన సగాన్ని షెడ్డువాళ్ళ సిలికాన్ మూసేసింది. అదీ వాళ్ళు చేసిన రిపేరు. గాడిలోంచి ఆ సిలికాన్ గీకి తీయడానికే ఒక రోజంతా పట్టింది. పైపులు శుభ్రం చేయడానికి అయింది 1,200 మాత్రమే. మిగతాదంతా సీట్లు విప్పి కార్పెట్ ఆరబెట్టడానికి, ప్లగ్గులు మార్చడానికి, మరకలు పడి జారిపోయిన రూఫ్ లైనింగ్‌కి (పైకప్పు లోపలి గుడ్డ), పాడైన బీడింగ్‌కి. మొత్తం 26,400. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది ప్రమాదం కాదు, నిర్వహణ లోపమని చేతులెత్తేశారు.

మీ కారుకి సన్‌రూఫ్ ఉంటే ఈ ఆదివారం పది నిమిషాలు కేటాయించండి. కారుని సమతలం మీద పెట్టి సన్‌రూఫ్ తెరిచి, తొట్టి మూలల్లో ఆకులూ మట్టీ వేలితో, తడిగుడ్డతో తీసేయండి. తర్వాత ఒక్కో ముందు మూలలో పావు గ్లాసు నీళ్ళు మెల్లగా పోసి కారు కింద చూడండి. కొన్ని క్షణాల్లోనే ఆ వైపు కింద నీళ్ళు కారాలి. కారకపోతే ఇంక పోయకండి. సన్నటి నైలాన్ తీగ, గడ్డి కోసే మిషన్లలో వాడేది, చివర నున్నగా చేసి నెమ్మదిగా తోయొచ్చు. తగులుకుంటే బలం పెట్టొద్దు. ఇనుప తీగ వాడితే పైపు చిరుగుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టిస్తే పైపు పైన అతుకు దగ్గర ఊడిపోవచ్చు, అప్పుడు నీళ్ళన్నీ సరాసరి లైనింగ్ మీదకే. పిల్లర్ ప్లాస్టిక్‌లు మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టి ఊడదీయకండి. చాలా కార్లలో వాటి వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే పక్క అద్దాల మీదుగా తెరుచుకునేది, ఉంటుంది. బీడింగ్‌కి మామూలు గ్రీజు, ఇంజినాయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాటర్ వాష్ కుర్రాడికి ప్రెషర్ గన్ సన్‌రూఫ్ అంచు మీద పెట్టొద్దని ముందే చెప్పండి.

సన్‌రూఫ్ ఉన్న పాత కారు కొనేవాళ్ళకు ఇంకో మాట. నేను చూసిన రోజు లోపల లైనింగ్ కొత్తగా షాంపూ చేసి ఉంది, ఘాటైన సెంటు కొట్టి ఉంది. బాగా చూసుకున్నారు కాబోలని మురిసిపోయాను. మీరు సెంటుకి మోసపోకండి. మ్యాట్లు తీయించి, చెప్పులు విప్పి పాదంతో కార్పెట్ తొక్కి చూడండి. పిల్లర్ మూలల్లో లైనింగ్ మీద టీ మరకలాంటి గీతలున్నాయేమో వెతకండి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. అమ్మేవాళ్ళ ముందే పావు గ్లాసు నీళ్ళ పరీక్ష చేయండి. వద్దంటే ఆ కారు వద్దు.

రిపేరుకిచ్చేటప్పుడు ఏం పని చేస్తారో రాసిన జాబ్ కార్డు, జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. నా దగ్గర ఉన్నది ఆ విజిటింగ్ కార్డు, యూపీఐలో డబ్బు కట్టిన రుజువు, సిలికాన్‌తో మూసుకున్న రంధ్రాల ఫోటోలు, సర్వీస్ సెంటర్ రాసిచ్చిన కాగితం. వాటితో 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కేసుకి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. షెడ్డు నుంచి ఇంకా జవాబు రాలేదు. కారు మాత్రం కానుగ చెట్టు కింద నుంచి తీసేశాను, సీటు కింద ప్లగ్గులు రెండూ మార్పించాక ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరింది.