ఎరేటర్ కొనేముందు మీది ఏ అంతస్తో చూసుకోండి

శానిటరీ కొట్టుకెళ్ళి నీళ్ళు ఆదా చేసే ఎరేటర్, అంటే కుళాయి మూతికి బిగించే చిన్న జాలీ ముక్క, ఇమ్మంటే సాధారణంగా ఒక్క ప్రశ్నే వస్తుంది: మర లోపలా, బయటా? ఏ అంతస్తుకి అని అడిగేవాళ్ళు తక్కువ. విశాఖ అపార్ట్‌మెంట్లలో ఈ చిన్న వస్తువు పనికొస్తుందో లేదో తేల్చేది ఆ రెండో ప్రశ్నే. సీతమ్మధారలో మొదటి అంతస్తు వాళ్ళు మెచ్చుకున్న ఎరేటర్‌నే అదే భవనంలో ఐదో అంతస్తు వాళ్ళు విప్పి పారేస్తారు. ఇద్దరి అనుభవమూ నిజమే.

కొట్లలో దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది ఫోమ్ ఫ్లో. పక్కనున్న సన్నని సందుల్లోంచి గాలిని లాక్కుని నీటిలో కలుపుతుంది. ధార తెల్లగా, మెత్తగా, నిండుగా కనిపిస్తుంది, చేతులు కడుక్కోవడానికి హాయిగా ఉంటుంది. రెండోది స్ప్రే. సన్నని జల్లుగా పడుతుంది, తక్కువ నీటితో ఎక్కువ మేర తడుస్తుంది. మూడోది ఒత్తిడిని సరిచేసుకునే రకం. దీని లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది నొక్కుకుని దారిని ఇరుకు చేస్తుంది, తగ్గితే వదులవుతుంది. నాలుగోది లామినార్. గాలి కలపకుండా గాజు కడ్డీలాంటి ధార ఇస్తుంది. గాలితోపాటు గదిలోని క్రిములు నీటిలోకి రాకూడదు కాబట్టి ఆసుపత్రులకు ఇదే సరైనది.

ఇక అంతస్తు సంగతి. మన భవనాల్లో చాలావాటికి నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి వాలున దిగేవే. నీటి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్. పై అంతస్తు బేసిన్‌కు, ట్యాంకులో నీటి మట్టానికి మధ్య మూడు నాలుగు మీటర్లే ఉంటుంది. అంటే 0.3, 0.4 బార్. నాలుగు అంతస్తులు కిందికి దిగితే 15 మీటర్లు దాటుతుంది, ఒత్తిడి ఒకటిన్నర బార్. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒకే కుళాయి, ఒకే తిప్పు, కింద మాత్రం రెండింతల నీళ్ళు. వృథా ఎక్కువ జరిగేది కింది అంతస్తుల్లోనే. ఎరేటర్ బాగా పనిచేసేదీ అక్కడే.

పెట్టె మీద నిమిషానికి 3 లీటర్లు అని రాసి ఉంటే, ఆ లెక్క చాలావరకు 3 బార్ ఒత్తిడి దగ్గరిది. రింగు లేని మామూలు 3 లీటర్ల ఎరేటర్ 0.3 బార్ దగ్గర నిమిషానికి ఒక లీటరు కూడా సరిగా ఇవ్వదు. ఆ ఒత్తిడికి ఫోమ్ రకం గాలిని లాక్కోలేదు, నీళ్ళు ముద్దగా కారతాయి. సబ్బు వదలక మనిషి రెండింతల సేపు కుళాయి తెరిచి ఉంచుతాడు. నాలుగో రోజు లోపలి జాలీ పీకి అవతల పడేస్తారు.

అందుకే మా సిఫారసు ఇలా ఉంటుంది. కింది మూడు అంతస్తులకు బేసిన్ దగ్గర 3 లేదా 4 లీటర్ల ఫోమ్, వంటింటి సింకు దగ్గర 6 లీటర్ల స్ప్రే. చివరి రెండు అంతస్తులకు ప్రవాహాన్ని తగ్గించే ముక్క లేని ఉత్త జాలీ ఎరేటర్ చాలు. అది నీటిని మిగల్చదు, చిమ్మకుండా ఆపుతుంది, అంతే. అక్కడ కూడా ధార మరీ ఎక్కువగా ఉంటే బేసిన్ కింద గోడకు ఉండే చిన్న వాల్వును (యాంగిల్ కాక్) కొంచెం బిగిస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఒత్తిడిని సరిచేసుకునే రకానికి కనీసం ఒక బార్ కావాలి. ప్రెషర్ పంపులు పెట్టిన ఎత్తైన టవర్లలో అన్ని అంతస్తులకూ అదే మేలు, ధర ఎక్కువైనా సరే. మేడ మీది ట్యాంకుతో నడిచే ఐదంతస్తుల భవనంలో పై వాళ్ళు దానికి డబ్బు పెట్టడం దండగ.

ముందు కొలవండి. లీటరు సీసా, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. కుళాయి పూర్తిగా తిప్పి సీసా ఎన్ని సెకన్లలో నిండిందో చూసి, 60ని ఆ సంఖ్యతో భాగించండి. ఆరు సెకన్లయితే నిమిషానికి 10 లీటర్లు. ఎనిమిది లీటర్లు దాటిన బేసిన్‌కు ఎరేటర్ తప్పకుండా పెట్టాలి. ఐదులోపు ఉంటే వదిలేయండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అడుగంటినప్పుడు ఒకసారి కొలిస్తే పై అంతస్తుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొలతల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. కుళాయి మూతి లోపల మర ఉంటే 24 మిల్లీమీటర్ల ఎరేటర్, మూతి బయట మర ఉంటే 22. పాత ఎరేటర్‌ను విప్పి చేత్తో పట్టుకెళ్ళి చూపించడం అన్నిటికన్నా సులువు. ఖరీదైన కుళాయిల్లో ఎరేటర్ మూతి లోపల దాగి ఉంటుంది. దాన్ని విప్పడానికి ప్లాస్టిక్ తాళం కావాలి, కుళాయి పెట్టెలోనే వస్తుంది. పారేయకండి. మర లేని పాత ఇత్తడి కుళాయిలకు రబ్బరు బిగింపుతో వచ్చే అడాప్టర్లు ఉన్నాయి గానీ మేం వాటిని మెచ్చుకోలేం. కాస్త ఒత్తిడికే జారిపోతాయి. కుళాయినే మార్చడం మంచిది.

బిగించేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది: టెఫ్లాన్ టేపు చుట్టడం. ఇక్కడ నీరు కారకుండా ఆపేది మర కాదు, లోపలి రబ్బరు వాషర్. టేపు పీలికలు ఊడి జాలీలో ఇరుక్కుంటాయి. పాతది విప్పాక కుళాయిని ఒక నిమిషం పూర్తిగా తెరిచి వదలండి, పైపులో ఉన్న ఇసుక, జిగురు పెళ్ళలు పోతాయి. ఈ నిమిషం నీటిని బకెట్‌లో పట్టి మొక్కలకు పోయవచ్చు. వాషర్ గాడిలో సమంగా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించండి. కారుతుంటే గుడ్డ చుట్టి పానాతో పావు తిప్పు చాలు. ఇంకా బిగిస్తే వాషర్ నలిగిపోతుంది, ప్లాస్టిక్ అయితే మర చిట్లుతుంది.

నగరానికి వచ్చే నీళ్ళు రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ, ఏలేరు కాలువ లాంటి చోట్ల నుంచి వచ్చే ఉపరితల జలాలు. అవి మాత్రమే వాడే ఇళ్ళలో ఎరేటర్‌ను మూడు నాలుగు నెలలకోసారి కడిగితే చాలు. బోరు కలిస్తే కథ వేరు. గట్టి నీటిలోని సున్నం జాలీ మీద తెల్లటి పొర కడుతుంది, రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. ధార పక్కకు వంకరగా చిమ్మిందంటే అదే గుర్తు. అలాంటి ఇంట్లో నెలకోసారి విప్పాలి. వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో గానీ ఒక గంట నానబెట్టి పాత పళ్ళ బ్రష్‌తో రుద్దండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం వద్దు. క్రోమ్ పూత లేచిపోతుంది, రబ్బరు పాడవుతుంది. సముద్రం దగ్గరి ఇళ్ళకు ఒక మాట: పూత పలచగా ఉన్న చౌక లోహపు ఎరేటర్లు ఉప్పు గాలికి త్వరగా చిలుం పడతాయి, మరలు పట్టేసి విప్పడానికి రావు. ఇత్తడి ఒళ్ళు, ప్లాస్టిక్ లోపలి భాగం ఉన్నదే కొనండి. లోపలి భాగం విడిగా మార్చుకునేలా ఉంటే ఇంకా మేలు.

ఎరేటర్ అక్కర్లేని కుళాయిలు చాలా ఉన్నాయి. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు. బకెట్ నింపే కుళాయికి పెడితే ఒక్క చుక్క మిగలదు, బకెట్‌కు పట్టే నీరు మారదు కదా, నిండే సమయం మాత్రం పెరుగుతుంది. మన ఇళ్ళలో బకెట్ స్నానమే ఎక్కువ కాబట్టి స్నానాల గది కుళాయిని వదిలేయండి. బిందెలు, వంట గిన్నెలు నింపే చోటా అంతే. గ్యాస్ గీజర్ నీళ్ళు వచ్చే కుళాయికి అసలు వద్దు. ప్రవాహం తగ్గితే గీజర్ వెలగదు, లేదా మధ్యలో ఆరిపోతుంది.

నీటిని మిగిల్చేది కడిగే కుళాయి దగ్గర. లెక్క చూడండి. మనిషి రోజుకు ఐదు నిమిషాలు బేసిన్ కుళాయి తెరుస్తాడనుకుందాం. 10 లీటర్ల ధారకు 50 లీటర్లు, 4 లీటర్ల ధారకు 20. నలుగురు చొప్పున 40 ఫ్లాట్లుంటే 160 మంది, రోజుకు 4,800 లీటర్ల తేడా. మధురవాడ వైపు వేసవిలో ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్లకు ఇది దాదాపు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో వాడే ప్రమాణం. అందులో 30 లీటర్లు మిగలడం చిన్న విషయం కాదు. పై అంతస్తుల్లో ధార ముందే సన్నం కాబట్టి అసలు లెక్కలో ఈ సంఖ్య కొంత తగ్గుతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు.

హోటళ్ళకూ టిఫిన్ సెంటర్లకూ మేం దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాం. భోజనం చేసి చేతులు కడిగే వరసలో రోజుకు వందల మంది కుళాయి తిప్పుతారు, ఎవరికీ బిల్లుతో పని ఉండదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి వాణిజ్య సంస్థల్లో ఎరేటర్లు తప్పనిసరి చేసింది. ఇక్కడ అంతదాకా ఆగడం ఎందుకు? చేతులు కడిగే చోట 2 లేదా 3 లీటర్ల స్ప్రే పెట్టండి. 2 లీటర్లది మాత్రం ఒత్తిడి కొలిచాకే. నూనె, నెయ్యి అంటిన చేతులకు చల్లని సన్నని జల్లు చాలదు, అక్కడ 3 తగ్గకూడదు. అంట్లు తోమే చోటకు ఎరేటర్ కన్నా చేత్తో నొక్కితేనే నీళ్ళు వచ్చే స్ప్రే గన్ మంచిది. చెయ్యి తీయగానే ఆగిపోతుంది.

వ్యాపారాలకు తాళంతో విప్పే రకమే కొనమంటాం, బయటికి కనిపించేవి దొంగతనానికి పోతాయి. పది కుళాయిలకు రెండు లోపలి భాగాలు, నాలుగు వాషర్లు అదనంగా పెట్టుకోండి. మూసుకున్నదాన్ని విప్పి కొత్తది బిగించి, పాతదాన్ని తీరికగా వెనిగర్‌లో వేయవచ్చు. ఆ తాళం మాత్రం మేనేజర్ సొరుగులో కాకుండా రోజూ శుభ్రం చేసే మనిషి దగ్గర ఉండాలి.