జయపురం నుంచి విశాఖకు: రోడ్డు మీద 220, గాలిలో 150

మేం ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాం. ఆస్పత్రికైనా, పెళ్లి బట్టలకైనా మాకు పట్నమంటే విశాఖే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ మా జయపురం రాజే, ఆ రాకపోకలు అంత పాతవి.

అమ్మకి డెబ్బై దాటాయి. కంటి ఆపరేషన్ తర్వాత పరీక్షకి విశాఖ తీసుకెళ్లాలి. రోడ్డు దాదాపు 220 కిలోమీటర్లు. ముందు కొరాపుట్ ఘాటీ ఎక్కాలి, సుంకి దాటాక సాలూరు ఘాటీ దిగాలి. ఆ మలుపుల్లో అమ్మ సీటు కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. విజయనగరం వచ్చేసరికి మనిషి వాడిపోతుంది. బస్సులో ఆరు గంటలకి తగ్గదు. కిరండూల్ రైలుకి అరకు అందాలు చూస్తూ వెళ్లొచ్చు గానీ, అది బస్సుకంటే ఎక్కువసేపు పడుతుంది.

అందుకే ఈసారి చిన్న విమానం ఎక్కాం. రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా చూస్తే 150 కిలోమీటర్ల లోపే. ఒక్క ఇంజను, తొమ్మిది సీట్లు. సామాన్లతోపాటు మమ్మల్నీ తూచి, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పారు. "ఇదేట్రా, మన సాలూరు బస్సులో సగం కూడా లేదు!" అంది అమ్మ. రెక్కలు పైన ఉండటంతో కిటికీలోంచి కిందంతా కనబడుతుంది. కొండల మడతలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా పొలాలు. ఎన్నేళ్లుగానో ఆ కొండల్లో కడుపు పట్టుకుని తిరిగిన మనిషి, మొదటిసారి వాటిని తీరిగ్గా చూసింది. నాకు టికెట్టు డబ్బులు అక్కడే తీరిపోయాయి.

గాలిలో ఉన్నది ముప్పావు గంట. కానీ లెక్క అక్కడితో అవదు. ఇంటి నుంచి ఆటో, గంట ముందు చేరటం, దిగాక సామాను, అక్కడి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జికి మరో ఆటో. గుమ్మం నుంచి గుమ్మానికి మూడు గంటలు. అయినా సగం కాలం మిగిలింది, అమ్మ నడుచుకుంటూ గదిలోకి వెళ్లి భోంచేసింది. లాడ్జి శుభ్రంగానే ఉంది. లిఫ్టు మాత్రం పని చెయ్యలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు కింది అంతస్తే కావాలని అడగండి.

తిరుగు ప్రయాణం దెబ్బతీసింది. కొండల మీద మబ్బు దిగింది, విమానం రద్దయిందని ఫోనుకి మెసేజీ వచ్చింది. మబ్బుకి ఎవరేం చేస్తారు, అది అర్థమవుతుంది. కానీ కౌంటరులో అడిగితే రేపు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేదు, ముసలి మనిషికి కూర్చోమని కుర్చీ చూపించిన వాళ్లు లేరు. ఆ బాధ నాకింకా పోలేదు. చివరికి రాత్రి బస్సెక్కాం. మళ్లీ అదే ఘాటీ, అదే కొంగు.

వానాకాలంలో ఈ విమానాన్ని నమ్ముకుని డాక్టరు అపాయింట్‌మెంటు అదే రోజుకి పెట్టుకోకండి, ఒక రోజు ముందు చేరండి. అమ్మకి మళ్లీ పరీక్ష సంక్రాంతి తర్వాత. వెళ్లేటప్పుడు విమానానికే చూస్తాను. రావటానికి కారు మాట్లాడి, రాత్రికి సాలూరులో పిన్ని వాళ్లింట్లో ఆగి, తెల్లారాక ఘాటీ ఎక్కుదామని అమ్మే అంది.