సదస్సు యాప్: సగం పని ముందు వారంలోనే

సదస్సుకొచ్చేవాళ్లతో ముందే మాట్లాడుకుని భేటీలు కుదుర్చుకునే హూవా, బ్రెల్లా లాంటి యాప్‌లను చాలా సదస్సుల్లో వాడాక స్పష్టంగా చెప్పగలిగేది ఇదీ: వీటివల్ల అసలు లాభం సదస్సుకు ముందు వారంలోనే. తీరా హాల్లో కూర్చుని తెరిస్తే, కలవాల్సినవాళ్ల ఖాళీ సమయాలన్నీ అప్పటికే నిండిపోయి ఉంటాయి.

నిర్వాహకులు లింకు పంపిన రోజే లాగిన్ అవ్వండి, అదీ రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన మెయిల్ ఐడీతోనే. ఆఫీసు ఐడీతో పేరిచ్చి జీమెయిల్‌తో ప్రయత్నిస్తే చాలాసార్లు సదస్సే కనిపించదు. యాప్ పనిచేయడం లేదనుకుని ఎంతోమంది ఇక్కడే వదిలేస్తారు. ప్రొఫైల్‌లో "సీనియర్ మేనేజర్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత సెన్సర్లు బిగిస్తాం, గుంటూరు మిర్చి నిల్వచేసేవాళ్లను కలవాలి" అని రాయండి, వెతికేవాళ్ల కంట పడతారు. ఫోటో తప్పనిసరి. టీ దగ్గర గుంపులో మనిషిని గుర్తుపట్టేది దాంతోనే.

యాప్‌లో కనిపించే సదస్సుకొచ్చేవాళ్ల జాబితాలోంచి ఎనిమిది, పది మందిని ఎంచుకుంటే చాలు. వట్టి "హాయ్"కి జవాబు రాదు. ఎందుకు కలవాలో ఒక వాక్యం, ఎప్పుడు ఎక్కడో ఇంకో వాక్యం: "మొదటి రోజు టీ విరామంలో, రిజిస్ట్రేషన్ కౌంటర్ పక్కన, 10 నిమిషాలు." రోజుకు నాలుగు భేటీలకు మించి పెట్టుకోవద్దు. ప్రసంగాలు ఆలస్యమవుతాయి, ఒక భేటీ వెనక్కి జరిగితే తక్కినవన్నీ వెనక్కి జరుగుతాయి. వేరే దేశం వెళ్తున్నా, అవతలివారు విదేశంలో ఉన్నా, యాప్ చూపేది సదస్సు జరిగేచోటి సమయమో మీ ఫోన్ సమయమో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

హాల్లో అందరూ ఒకే వైఫై మీద పడతారు కాబట్టి కార్యక్రమ పట్టిక స్క్రీన్‌షాట్ ముందే తీసుకోవాలి. పరిచయమైనవాళ్లకు మీ వివరాలివ్వడానికి చూపే క్యూఆర్ కోడ్ విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి: ప్రొఫైల్ లింకు మాత్రమే ఉన్న కోడ్ నెట్ లేకపోతే తెరుచుకోదు, పేరు, నంబరు నేరుగా దాచిన కోడ్‌కి నెట్ అక్కర్లేదు. రెండోదాన్ని బొమ్మగా ఫోన్ గ్యాలరీలో పెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. పవర్ బ్యాంకు ఎలాగూ ఉండాలి.

అవతలివారి కోడ్ స్కాన్ చేసిన వెంటనే యాప్‌లోని నోట్ గడిలో ఒక ముక్క రాయండి: "ధర అడిగారు, బ్రోచర్ పంపాలి." విజిటింగ్ కార్డు స్కాన్ చేస్తే నంబరు సరిచూసుకోండి. ఆ రాత్రే పేర్లన్నీ ఫోన్ కాంటాక్టుల్లోకి ఎక్కించండి. నిర్వాహకులు ఈవెంటును మూసేశాక చాట్‌లు దొరుకుతాయన్న భరోసా లేదు. మొదటి మెయిల్ రెండు రోజుల్లోపు, ఆ నోట్‌లోని మాటతోనే మొదలుపెట్టి పంపండి.