మూడేళ్లు, మూడు రోబోలు: రాస్ 2 మీద జట్టుపని ఎలా సాగింది

మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో మూడు టర్టిల్‌బాట్3 బర్గర్‌లున్నాయి, ఇవి చక్రాల మీద తిరిగే చిన్న రోబోలు. రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్ 2 (హంబుల్ వెర్షన్) మీద మూడేళ్లుగా వాటిచేత కలిసి మ్యాప్ గీయిస్తున్నాం. ఒక్క రోబో బాగా నడుస్తోందని ఇంకో రెండు కొనాలనుకునేవాళ్లు ఇది చదవాలి.

పాత రాస్ 1లో ఎవరెక్కడున్నారో చెప్పే ఒక మాస్టర్ ప్రోగ్రాం ఉండాల్సిందే. అది పడిపోతే కొత్త నోడ్‌లకు (రాస్‌లో నడిచే విడివిడి ప్రోగ్రాంలకు) తోటివాటి ఆచూకీ దొరకదు. రాస్ 2లో ఆ పెత్తనం లేదు. డీడీఎస్ అనే సమాచార మార్పిడి పద్ధతి ద్వారా రోబోలు ఒకదాన్నొకటి నేరుగా వెతుక్కుంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కానీ ఆ వెతుకులాట మల్టీకాస్ట్ మీద, అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి పంపడం మీద నడుస్తుంది. కాలేజీ వైఫైలో ఆ ప్యాకెట్లు దారిలోనే పోయేవి. పక్కపక్కనే నిలబడ్డ రోబోలకు కూడా ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలిసేది కాదు. విడిగా రూటర్ పెట్టాక కుదుటపడింది.

పని పంచడానికి 1980లో రీడ్ స్మిత్ చెప్పిన కాంట్రాక్ట్ నెట్ పద్ధతి తీసుకున్నాం. ఒక ఏజెంట్ (మా దగ్గరైతే ఒక రోబో) పని ప్రకటిస్తుంది. మిగతావి దూరం, బ్యాటరీ లెక్కేసుకుని వేలం పాడతాయి. ఇది మా పిల్లలు వారంలో రాసేశారు. పని ఒప్పుకున్న రోబో మధ్యలో ఆగిపోయినప్పుడు మాత్రం చిక్కుల్లో పడ్డాం. ఒకరోజు రెండో రోబో బెంచీ కింద ఛార్జి అయిపోయి నిలిచిపోయింది. ఆ మూల దాని వంతు కాబట్టి మిగతా రెండూ అటు వెళ్లనే లేదు. మ్యాప్‌లో ఆ భాగం ఖాళీగా మిగిలింది.

అప్పుడు క్యూఓఎస్ (సందేశాలు ఎంత నమ్మకంగా, ఎంత వేగంగా చేరాలో చెప్పే) సెట్టింగుల్లోని లైవ్‌లీనెస్ వాడాం, అవతలిది ఇంకా పనిచేస్తోందో లేదో చూసేది అదే. గడువులోగా ఉనికి తెలియకపోతే ఆ రోబో వంతు మళ్లీ వేలానికొస్తుంది. మొదట రెండు సెకన్ల గడువు పెడితే, వైఫై కాస్త తడబడగానే మిగతా రోబోలు బాగున్న రోబోను కూడా లెక్కలోంచి తీసేసేవి, ఒకే మూలకు రెండు రోబోలు చేరేవి. ఐదు సెకన్లకు పెంచాం. బర్గర్ గరిష్ఠ వేగం సెకనుకు 22 సెంటీమీటర్లే, ఐదు సెకన్లలో మీటరు పైచిలుకు నడక, అంత ఆలస్యం మాకు భారం కాలేదు.

డెమో చూపించేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: పని మధ్యలో ఒక రోబో స్విచ్ ఆపేయండి. కొత్త బ్యాచ్‌కు మొదటి ప్రయోగంగా కూడా ఇదే ఇస్తున్నాను. మిగతావి దాని వంతు ఎన్ని సెకన్లలో అందుకున్నాయో రికార్డులో రాయాలి.